డిక్కీ తెరవమంటే తెరవాల్సిందేనా?

ప్రశ్న: మేం ఎల్బీనగర్‌లో ఉంటాం. పండక్కి రాజమండ్రిలో అత్తగారింటికి వెళ్ళి కారులో తిరిగొస్తున్నాం. రాత్రి పదకొండున్నర ప్రాంతంలో ఔటర్ దాటి సిటీలోకి రాగానే పోలీసులు ఆపారు. ఎస్‌ఐ ఒకరు, కానిస్టేబుళ్ళు ఇద్దరు. లైసెన్సు, ఆర్సీ ఫోన్లో డిజిలాకర్‌లో చూపించాను. ఫోన్ తీసుకున్న కానిస్టేబుల్ అవి చూసి ఊరుకోకుండా వాట్సాప్, గ్యాలరీ కూడా తిరగేశాడు. కారు తాళం తీసి జేబులో వేసుకున్నారు. డిక్కీ తియ్యమన్నారు. ‘ఎందుకు సార్’ అంటే ‘ఏం, ఏమన్నా దాచావా’ అన్నారు. డిక్కీలో మా అత్తగారి పక్కింటావిడ మియాపూర్‌లో ఉన్న వాళ్ళబ్బాయికి ఇమ్మని ఇచ్చిన అట్టపెట్టె ఉంది. దాని టేపు కోసి, సున్నుండల డబ్బా మూత తీసి వాసన చూశారు. సీటు మీదున్న మా ఆవిడ హ్యాండ్‌బ్యాగ్ జిప్పు కూడా మగ కానిస్టేబులే తీశాడు. ఏమీ దొరకలేదు, ఇరవై నిమిషాల తర్వాత పంపించేశారు. డాలస్‌లో ఉన్న మా బావమరిదికి చెబితే ‘వారంట్ లేకుండా నా కారు ముట్టుకోవద్దు అని ఎందుకు చెప్పలేదు బావా’ అంటున్నాడు. నిజంగా అలా అనొచ్చా? ఇలాంటప్పుడు మన హక్కులేంటి?
— ఒక పాఠకుడు, ఎల్బీనగర్

సమాధానం: ముందు డాలస్ సంగతి తేల్చేద్దాం. మీ బావమరిది చెప్పింది అక్కడికి చాలావరకు నిజం. అమెరికాలో ‘నా కారు వెతకడానికి నేను ఒప్పుకోవడం లేదు’ అన్న మాటకు విలువుంది. చట్టం తప్పి సోదా చేస్తే దొరికిన వస్తువును కోర్టు చాలాసార్లు పక్కన పెట్టేస్తుంది. అయితే అక్కడ కూడా కారుకి ఇంటికున్నంత రక్షణ లేదు. కారులో నేరానికి సంబంధించిన సరుకు ఉందనడానికి గట్టి కారణముంటే వారంట్ అక్కర్లేదని వాళ్ళ సుప్రీంకోర్టు 1925లోనే తేల్చింది. ఈ ముక్క మీ బావమరిదికి కూడా చెప్పండి.

మన దగ్గర లెక్క వేరు. సోదా చట్టవిరుద్ధంగా జరిగినంత మాత్రాన దొరికిన సరుకు సాక్ష్యంగా పనికిరాకుండా పోదని మన సుప్రీంకోర్టు 1973లో పూరన్‌మల్ కేసులో చెప్పింది. అంటే ‘వద్దు’ అన్న ఒక్క మాట పట్టుకుని తర్వాత కేసు కొట్టేయించుకోవడం ఇక్కడ కుదరని పని. పైగా డిక్కీకి అడ్డంగా నిలబడినా, అధికారి చెయ్యి తోసేసినా అసలు గొడవ పక్కకు పోయి కొత్త కేసు మీ మెడకు చుట్టుకుంటుంది. ప్రభుత్వోద్యోగి విధులకు అడ్డుపడితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 221 కింద మూడు నెలల వరకు జైలు. బలప్రయోగం చేశారంటే సెక్షన్ 132, రెండేళ్ళ వరకు. రీల్స్‌లో కనిపించే వీరావేశాలు చూసి రోడ్డు మీద ప్రయోగం చేయకండి. మన చట్టం డ్రైవరుకిచ్చిన బలమంతా పోలీసుల చేత కారణం చెప్పించడంలో, కాగితం రాయించడంలో, వీడియో తీయించడంలో ఉంది. దాన్ని వాడుకునేవాళ్ళు చాలా తక్కువ.

ఇప్పుడు మీ రాత్రిలోకి వద్దాం. కారు ఆపడం, లైసెన్సు అడగడం సరైనవే. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 130 ప్రకారం యూనిఫాంలో ఉన్న ఏ పోలీసు అధికారి అడిగినా లైసెన్సు చూపించాలి. సెక్షన్ 132 ప్రకారం యూనిఫాంలో ఉన్న ఎస్‌ఐ, అంతకు పైవాళ్ళు ఆపమంటే బండి ఆపాలి. సైగ చేసింది కానిస్టేబులో హోంగార్డో అయితే ఆపకుండా పోవచ్చా అని కొందరు అడుగుతారు. పోకండి. రాత్రిపూట నాకాబందీ దగ్గర ఆగకుండా పోయిన బండి మీద ఎంత అనుమానం వస్తుందో వేరే చెప్పాలా? ఆపి, అద్దం దించి, లోపలి లైటు వేసి, ‘ఇక్కడ ఆఫీసర్ ఎవరు సార్’ అని అడగండి. డిజిలాకర్‌లో, ఎంపరివాహన్‌లో చూపించే పత్రాలు చెల్లుతాయని 2018లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో మార్పు చేశారు కాబట్టి ‘ఒరిజినల్సే కావాలి’ అనడానికి లేదు.

తాళం లాక్కోవడం మాత్రం తప్పు. తాళం తీసేసుకునే అధికారం మోటారు వాహనాల చట్టంలో ఎక్కడా లేదు. లైసెన్సు లేకపోయినా, రిజిస్ట్రేషన్ లేకపోయినా, పర్మిట్ లేకపోయినా సెక్షన్ 207 కింద బండినే ఆపి ఉంచొచ్చు. మీ కాగితాలన్నీ ఉన్నాయి కాబట్టి అది మీకు వర్తించదు. అయినా తాళం కోసం పెనుగులాడొద్దు. ‘ఇంజిన్ ఆపేశాను, తాళం డ్యాష్‌బోర్డు మీద పెడుతున్నాను’ అనండి, చాలాసార్లు అంతటితో సరిపోతుంది.

ఇక డిక్కీ. వాహనాన్ని కూడా చట్టం ‘స్థలం’ కిందే లెక్కేస్తుంది. అందుకే ఇంటి సోదాకున్న నియమాలు చాలావరకు కారుకీ వర్తిస్తాయి. 2024 జూలై 1 నుంచి పాత సీఆర్‌పీసీ (నేర విచారణ పద్ధతుల చట్టం) పోయి భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చింది. దాని సెక్షన్ 185 ప్రకారం వారంట్ లేకుండా సోదా చేయాలంటే, చేసేది స్టేషన్ అధికారి గానీ కేసు దర్యాప్తు చేస్తున్న అధికారి గానీ అయ్యుండాలి. ఆయన చేతిలో ఒక దర్యాప్తు ఉండాలి. ఫలానా వస్తువు ఇక్కడ ఉందని నమ్మడానికి సహేతుకమైన కారణం ఉండాలి. వారంట్ తెచ్చేలోగా ఆలస్యమై పని చెడుతుందనిపించాలి. ఈ నమ్మకానికి కారణమేంటో కేసు డైరీలో ముందే రాయాలి. ఆ రాత ప్రతి 48 గంటల్లో మేజిస్ట్రేటుకు చేరాలి. చాలామందికి తెలియని సంగతి ఇంకోటుంది. దరఖాస్తు పెట్టుకుంటే ఆ కాగితాల నకలు మేజిస్ట్రేట్ కోర్టు నుంచి మీకు ఉచితంగా ఇవ్వాలి. నా దగ్గరికి వచ్చే క్లయింట్లలో ఈ నకలు అడిగి తెచ్చుకున్నవాళ్ళు దాదాపు లేరు.

మరి నాకాబందీ పెట్టి వచ్చిన ప్రతి కారు డిక్కీ తెరిపించడం సంగతేంటి? అలా చేయొచ్చని సూటిగా చెప్పే సెక్షన్ ఈ సంహితలో కనపడదు. నేరాలు జరగకుండా నివారించడానికి సెక్షన్ 168 ఉంది. విధి నిర్వహణలో పోలీసులిచ్చే చట్టబద్ధమైన ఆదేశాలు పాటించాలనే సెక్షన్ 172 కొత్తగా వచ్చింది. పాటించనివాళ్ళను అదుపులోకి తీసుకోవచ్చని కూడా అందులో ఉంది. పోలీసులు ఆనుకునేది వీటినే. ఆచరణలో జరిగేదేంటంటే, ఎస్‌ఐ ‘డిక్కీ తియ్’ అంటాడు, మనం తీస్తాం. మనమే తీశాం కాబట్టి అభ్యంతరం లేనట్టే అయిపోతుంది. నా సలహా: పైపైన చూసే తనిఖీకి డిక్కీ మీరే తీయండి, పక్కనే నిలబడండి. అందుకు ముందు ఒక్క మాట గట్టిగా, మర్యాదగా అనండి: ‘తీస్తాను సార్. ఏదన్నా కేసు మీద చూస్తున్నారా, మామూలు చెకింగేనా?’ ఆ ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి మిగతా కథ మారుతుంది. ‘మామూలు చెకింగే’ అంటే సంచులు విప్పడం, సీట్లు పీకడం దాకా వెళ్ళడానికి వాళ్ళ దగ్గర కారణం లేదని వాళ్ళే చెప్పినట్టు. ‘సమాచారం ఉంది’ అన్నారంటే అది సోదా అవుతుంది. అప్పుడు సోదాకుండే తంతు అంతా జరగాల్సిందే.

ఆ తంతులో ఇప్పుడు అన్నిటికంటే పనికొచ్చేది సెక్షన్ 105. సోదాను, జప్తును, వస్తువుల జాబితా రాయడాన్ని, సాక్షుల సంతకాలను ఆడియో వీడియోలో రికార్డు చేయాలి. చేయాల్సింది పోలీసులే. సెల్‌ఫోన్‌తో తీసినా సరిపోతుంది, ఇందుకోసం ఈ-సాక్ష్య అనే యాప్ కూడా వచ్చింది. కాబట్టి ‘వీడియో మొదలుపెట్టండి సార్, తర్వాత తెరుస్తాను’ అనడం ఎదిరించినట్టు అవ్వదు, చట్టం వాళ్ళకు అప్పగించిన పనిని గుర్తుచేసినట్టు అవుతుంది. మీరూ మీ ఫోన్లో తీసుకోవచ్చు. రోడ్డు మీద జరిగే తనిఖీని తీయడానికి నిషేధమేమీ లేదు. కాకపోతే కెమెరాను మొహం మీదకు తోయకుండా, రెండడుగులు వెనక్కి నిలబడి, నోరు మెదపకుండా తీయండి. వ్యాఖ్యానం వద్దు.

సెక్షన్ 103 ప్రకారం సోదా మొదలుపెట్టే ముందే ఆ ప్రాంతానికి చెందిన ఇద్దరు స్వతంత్ర సాక్షులను పిలవాలి. మనవాళ్ళు పంచులంటారు. పంచనామా మీ ఎదుటే రాయాలి, జాబితా నకలు మీకివ్వాలి. (పంచులుగా రమ్మంటే పక్క టీకొట్టు దగ్గరున్నవాళ్ళు కూడా ఒక్క క్షణంలో మాయమవుతారు. పోలీసుల కష్టం కూడా చెప్పుకోవాలిగా. అయితే ఆ వంక చూపి, ప్రతి కేసులోనూ అవే ఇద్దరు పేర్లు రాసుకొచ్చే అలవాటును కోర్టులు ఒప్పుకోవు.) చదవకుండా, ఖాళీ కాగితం మీద సంతకం పెట్టొద్దు. రాసినదాంట్లో తప్పుంటే సంతకం పైనే ‘ఈ సంచి నాది కాదు’ అనో ‘నా ఎదుట తెరవలేదు’ అనో మీ చేత్తో రాయండి. పోలీసులకు ఇచ్చే వాంగ్మూలం మీద అసలు సంతకమే పెట్టనక్కర్లేదు, అది సెక్షన్ 181.

ఇక మీరు పెద్దగా పట్టించుకోకుండా రాసిన అట్టపెట్టె గురించి. మీ ఉత్తరం మొత్తంలో నాకు భయమేసింది అక్కడే. విజయవాడ హైవే మీద తనిఖీలు అంత గట్టిగా ఉండటానికి కారణం గంజాయి. ఆంధ్రా–ఒడిశా సరిహద్దు నుంచి బయల్దేరే సరుకు హైదరాబాద్ చేరే దారుల్లో అదొకటి. పంతంగి టోల్‌గేటు దాటివచ్చే బండ్ల మీద పోలీసులకు, ఎక్సైజువాళ్ళకు ఎప్పుడూ ఒక కన్నుంటుంది. ఎవరో కట్టి, టేపు వేసి ఇచ్చిన పెట్టెను లోపలేముందో చూడకుండా మీరు డిక్కీలో పెట్టుకున్నారు. అందులో సున్నుండలే ఉన్నాయి కాబట్టి సరిపోయింది. మత్తుపదార్థాల చట్టంలో, అంటే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో, సరుకు మీ స్వాధీనంలో దొరికిందంటే మీకు తెలిసే ఉందని కోర్టు మొదట అనుకుంటుంది. తెలియదని రుజువు చేసుకునే బరువు మీ మీద పడుతుంది. సెక్షన్లు 35, 54 చెప్పేదదే. గంజాయి కిలోలోపు అయితే చిన్న మొత్తం కింద లెక్క, ఇరవై కిలోలు దాటితే వాణిజ్య మొత్తం. వాణిజ్య మొత్తమైతే బెయిలు కూడా గగనమే. కారును కూడా స్వాధీనం చేసుకుంటారు, కేసు తేలాక శాశ్వతంగా సర్కారు పరం కూడా చేయొచ్చు. దాన్ని విడిపించుకోవాలంటే మీకు తెలియకుండా జరిగిందని, మీ జాగ్రత్తలో మీరున్నారని ఓనరుగా మీరే చూపించాలి. కేసు నడుస్తుండగా బండిని తాత్కాలికంగా ఇవ్వొచ్చని 2025లో విశ్వజిత్ దే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, అదొక్కటే ఊరట. ఈసారి పక్కింటావిడ పెట్టె ఇస్తే ‘పిన్నిగారూ, ఏమనుకోకండి, ఒకసారి సర్దుకుని పెడతాను’ అని ఆవిడ ముందే విప్పి చూసుకోండి. ఏమనుకున్నా ఫరవాలేదు.

శిక్షలు ఇంత కఠినం కాబట్టి ఆ చట్టంలో సోదా నియమాలూ అంతే కఠినం. పూరన్‌మల్ తీర్పు వల్ల మామూలు కేసుల్లో కుదరనిది ఇక్కడ కుదురుతుంది: సోదా నియమాలు తప్పారని చూపిస్తే కేసే పడిపోవచ్చు. సమాచారం అందితే ముందు రాతలో పెట్టాలి, 72 గంటల్లో పై అధికారికి పంపాలి. సోదా చేసేది కానిస్టేబుల్ కంటే పై హోదా అధికారి కావాలి. చీకటి పడ్డాక అయితే వారంట్ ఎందుకు తేలేకపోయారో రాయాలి. సెక్షన్ 42 ఇదంతా చెబుతుంది. రోడ్డు మీద ఉన్నా సొంత బండి సొంత బండే, బస్సులాంటి ప్రజా రవాణా కాదు కాబట్టి ఈ సెక్షన్ పాటించాల్సిందేనని 2021లో బూటాసింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పి, అసలేమీ పాటించలేదని నిందితులను వదిలేసింది. ఒంటి మీద సోదా చేసేటప్పుడు గెజిటెడ్ అధికారి ఎదుట గానీ మేజిస్ట్రేటు ఎదుట గానీ చేయమని అడిగే హక్కు మీకుంది. ఆ హక్కుందని వాళ్ళే మీకు చెప్పాలి. అది సెక్షన్ 50, దాన్ని 2010లో రాజ్యాంగ ధర్మాసనం ఖాయం చేసింది. కారణం లేకుండా వేధింపుగా సోదా చేసిన అధికారికి సెక్షన్ 58 కింద ఆరు నెలల వరకు జైలు కూడా ఉంది.

మీ ఆవిడ బ్యాగు విషయంలో మీకు నచ్చని మాట చెప్పాలి. ఆడవాళ్ళ ఒంటి మీద సోదా ఆడ పోలీసులే చేయాలి, అందులో మినహాయింపు లేదు. అయితే చేతిలో ఉన్న బ్యాగు ‘వ్యక్తి’ కిందకు రాదని సెక్షన్ 50 విషయంలో 2005లో సుప్రీంకోర్టు చెప్పింది. సీటు మీద పడున్న బ్యాగైతే ఇంకా కష్టం. కానీ ఇది సగమే. ఆ కానిస్టేబుల్ దగ్గర బ్యాగు తెరవడానికి కారణం ఉందా అన్న ప్రశ్న అలాగే ఉంది, మీ ఉత్తరాన్ని బట్టి లేనట్టే. మర్యాద అన్నది కూడా చట్టంలో మాటే. ఎన్నికల తనిఖీల్లో మహిళా అధికారి లేకుండా ఆడవాళ్ళ పర్సు తెరవొద్దని ఎన్నికల సంఘమే ఆదేశించింది. నోట్ల కట్టల కోసం జల్లెడ పట్టే రోజుల్లోనే ఆ పట్టింపు ఉంటే, మామూలు రోజుల్లో ఎందుకుండకూడదు? ఇకమీదట మీ ఆవిడనే బ్యాగు చేతిలో పట్టుకుని ‘లేడీ కానిస్టేబుల్‌ను పిలిపించండి, చూపిస్తాను’ అనమనండి. ఆ మాట మీరు అనేకంటే ఆవిడ అంటే బాగా పనిచేస్తుంది.

ఫోన్ సంగతి మాత్రం నిస్సందేహంగా తప్పే. ఆర్సీ చూపించడానికి ఇచ్చిన ఫోన్లో వాట్సాప్ చదివే అధికారం రోడ్డు మీద ఎవరికీ లేదు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. ఫోన్ సోదాకు మామూలుగా వారంట్ ఉండాలని 2021లో కర్ణాటక హైకోర్టు అంది. ఆ తీర్పుకు మన పోలీసులు కట్టుబడాల్సిన పని లేకపోయినా మన లాయర్లు వాడుకోవచ్చు. అదే ఏడాది అక్టోబరులో మన నగరంలోనే కుర్రాళ్ళను రోడ్డు మీద ఆపి, ఫోన్లు తీసుకుని, వాట్సాప్‌లో ‘గంజా’ అని కొట్టి వెతుకుతున్న వీడియోలు బయటికొచ్చి పెద్ద దుమారం రేగింది. ‘జనం ఇష్టపడే ఇస్తున్నారు’ అన్నది అప్పుడు వినిపించిన సమర్థన. అర్ధరాత్రి ముగ్గురు పోలీసుల మధ్య నిలబడినవాడి ఇష్టం ఎంతపాటిదో మీకు ఇప్పుడు తెలుసు. నిజంగా కేసు ఉంటే ఫోన్‌ను పంచనామా రాసి జప్తు చేయాలి. పాస్‌వర్డ్ చెప్పమంటే, తనకు తాను వ్యతిరేకంగా సాక్ష్యం ఇవ్వమని ఎవరినీ బలవంతపెట్టకూడదన్న రాజ్యాంగం 20(3) అధికరణం మీకు అండ. ‘మా లాయరుతో మాట్లాడి చెబుతాను’ అనండి. రోజువారీకైతే ఇంకో చిన్న ఉపాయం చాలు: డిజిలాకర్ తెరిచి ఫోన్ మీ చేతిలోనే ఉంచుకుని చూపించండి. లేదా ఫోన్ సెట్టింగుల్లో ఒకే యాప్‌ను తెర మీద బిగించే సదుపాయం ఉంటుంది, దాన్ని ఆన్ చేయండి. పక్క యాప్‌లోకి వెళ్ళాలంటే మీ పిన్ అడుగుతుంది.

స్టేషనుకు రమ్మంటే ఏం చేయాలో కూడా అడుగుతారనుకుంటున్నాను. ‘అరెస్టా సార్, నోటీసా?’ అని అడగండి. అరెస్టయితే కారణం చెప్పాలి, మీరు చెప్పినవాళ్ళకు కబురు పంపాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. విచారణ జరిగేటప్పుడు మీ లాయరును కలుసుకునే వీలివ్వాలి. ఆడవాళ్ళను అసాధారణ పరిస్థితుల్లో తప్ప సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం వరకు అరెస్టు చేయకూడదు. లాయరు లేకపోతే 15100కు ఫోన్ చేయండి, అది న్యాయసేవల సంస్థ నంబరు, ఉచితం.

ఇప్పుడు ఫిర్యాదు పెట్టాలా? ఏమీ దొరకలేదు, కేసు లేదు కాబట్టి సోదా కాగితాల మీద పోట్లాడటానికి మీ దగ్గర కాగితమే లేదు. డిక్కీ సంగతి వదిలేయమంటాను. ఫోన్, బ్యాగు, తాళం ఈ మూడింటి మీద మాత్రం ఆ ప్రాంతపు డీసీపీకి ఒక పేజీ రాయండి. తేదీ, సమయం, చోటు, ఎస్‌ఐ యూనిఫాం మీద పేరు చదివుంటే ఆ పేరు, మీ బండి నంబరు. దాంతోపాటు ఆ చోట సీసీ కెమెరా ఫుటేజీని చెరిపేయకుండా ఉంచమని అదే పేజీలో అడగండి. ఫుటేజీ ఎక్కువ రోజులు ఉండదు కాబట్టి ఈ వారంలోనే పంపండి, స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. నెల దాటినా ఉలుకూ పలుకూ లేకపోతే ఆ రసీదు జతచేసి రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కు పంపొచ్చు, దానికి లాయరు కూడా అక్కర్లేదు.